బ్రేకు తరుగు

బ్రేకు వేస్తే ఇనుము అరుగుతుందన్న సంగతి మా సంస్థలో మొదట కనిపెట్టినవారు స్టోర్సు ఆఫీసరు త్రిపురాంతకం గారు. అంతకుముందు ఆ సంగతి లోకంలో ఎవరికీ తెలియదని కాదు. తెలిసినవాళ్ళెవరికీ అది నేరమని తోచలేదు, అంతే తేడా.

మాది రాష్ట్ర వేగక్రీడాభివృద్ధి సంస్థ. ఒక పెద్దాయన విదేశం వెళ్ళి, అక్కడ కార్ల పందెం చూసి, విమానం దిగేసరికి మన రాష్ట్రం వేగంలో వెనకబడిపోయిందని గ్రహించాడు. ఏడాది తిరక్కుండా బెజవాడకు అవతల మెట్టపొలాల్లో తారు ట్రాకు వెలిసింది. దాని మీద తిరగడానికి ఎర్ర స్పోర్ట్సు కారు ఒకటి, ఆ కారును చూసుకోవడానికి నూరుమందికి పైగా ఉద్యోగులు వచ్చారు. ఎం.డి. పరాంకుశం గారు పట్టుపురుగుల పెంపకం నుంచి వచ్చారు. త్రిపురాంతకం గారు బియ్యం గోదాముల నుంచి వచ్చారు. నేను మూతపడ్డ చక్కెర మిల్లులో ఇంజనీరుని. చెరుకు పిండినవాడికి కారు ఒక లెక్కా అని నన్ను టెక్నికల్ మేనేజరుని చేశారు. మొత్తం ఇంతమందిలో కారు తోలడం వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకడు ఎం.డి. గారి డ్రైవరు లీలాప్రసాదు. ఇంకొకరు సువార్త.

సువార్త గుణదల పిల్ల. వాళ్ళ నాన్న లారీ తోలేవాడు. పరాయివాళ్ళ కార్లు అద్దెకు తీసుకుని కోయంబత్తూరులో, మద్రాసులో పందేలు గెలిచి, మన దగ్గరే ట్రాకు వచ్చిందనేసరికి సంబరపడి కాంట్రాక్టు మీద చేరింది. పాపం, ట్రాకును చూసి చేరిందే గాని ఆఫీసును చూసి చేరలేదు.

మా ట్రాకులో పొడుగాటి తిన్నని దారి ఒకటుంది. దాని చివర ఒక మలుపు, మలుపుకి అవతల కాంక్రీటు గోడ. పక్క పొలాల గేదెలు ట్రాకు మీదికి రాకుండా కట్టిన గోడ అది. గేదెలకు ఏమీ కాకూడదని ఆలోచించినవాళ్ళకు కారులో మనిషి ఉంటాడన్న సంగతి తట్టినట్టు లేదు. సువార్త అక్కడికి రెండు వందల కిలోమీటర్ల వేగంతో వచ్చి, బ్రేకు తొక్కి, మలుపు తిరగాలి. కారుతో వచ్చిన బ్రేకు డిస్కులు షికార్లకు చేసినవి. ట్రాకు వేడికి అవి వంకరపోయి, ముఖమంతా సన్నటి పగుళ్ళు పట్టాయి. ఆ అమ్మాయి ఒకటి విప్పి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“సార్, నేను జీతం పెంచమనట్లేదు. ఏసీ గది అడగట్లేదు. ఆ చివర గోడుంది. అక్కడ బండి ఆగాలి. అంతే సార్.”

న్యాయమైన కోరిక. ప్రాణం మీద తీపి ఉండడం ఉద్యోగ నిబంధనలకు విరుద్ధం కాదని అప్పటికి నేననుకునేవాణ్ణి.

ఇద్దరం ఆటోనగర్ వెళ్ళి లేతు షాపు మస్తాన్‌రావుని కలిశాం. చేతికి నాలుగు ఉంగరాలు, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. తనకన్నా బాగా ఇనుము కోసేవాడు కృష్ణకు ఇవతల లేడని ఆయనే చెబుతాడు, వినేవాళ్ళు ఒప్పుకునేదాకా చెబుతాడు.

“మేనేజరు గారూ, ముందు ఇంకెవడి దగ్గరికైనా ఎల్లొచ్చారా? ఎల్లుంటే చెప్పండి, నేను ముట్టుకోను,” అన్నాడు.

“లేదు బాబాయ్, నీ దగ్గరికే,” అంది సువార్త.

“అయితే ఇను. ఒక్క ముక్కగా చేస్తే మళ్ళీ ఇంతే. రెండు ముక్కలుగా చేస్తాను. బయట చక్రం పోత ఇనుము, మధ్యలో అల్యూమినియం టోపీ. రెంటినీ పిన్నులతో కలుపుతాను, కాస్త వదులుంచుతాను. ఇనుము కాలితే ఉబ్బుద్ది. ఉబ్బడానికి చోటుంటే వంకరపోదు, పగలదు. అరిగితే బయట చక్రం ఒక్కటే మార్చుకోవచ్చు.”

అన్నట్టే చేశాడు. పోత పోయించి, లేతు మీదికెక్కించి రెండు ముఖాలూ అద్దంలా సాపు చేశాడు. పొడి బయటికి పోవడానికి గాడులు తీశాడు. అల్యూమినియం దిమ్మను చెక్కి టోపీలు చేశాడు. సువార్త పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. వదులు ఎంతుండాలన్న దగ్గర ఇద్దరికీ పెద్ద పోట్లాట అయింది. ఆయన చాలంటాడు, ఆమె ఇంకో వెంట్రుకవాసి కావాలంటుంది. తొక్కేది నేను, నువ్వు కాదు అంటూ చివరికి ఆమే నెగ్గింది. పనయ్యాక డిస్కు చెవి దగ్గర పెట్టుకుని ఊపి, టకటకమన్న చప్పుడు విని, చంటిపిల్ల నవ్వినట్టు నవ్వింది. నాకూ ముచ్చటేసింది. సంస్థలో చేరాక ఒక పని పనిలా జరగడం నేను చూసింది అదే మొదలు.

కాని ఏ వస్తువైనా స్టోర్సు గడప దాటితేనే మా సంస్థలో వస్తువు అవుతుంది. త్రిపురాంతకం గారు గోదాము నుంచి వస్తూ వస్తూ అక్కడి కాటా కూడా వెంట తెచ్చుకున్నారు. పెళ్ళిపిలుపు కార్డు ఇచ్చినా ముందు చేత్తో బరువు చూసి తర్వాత చదువుతారు. డిస్కులు తూచి, ఊపి, చప్పుడు విని, మొహం చిట్లించారు.

“ఇది వదులుగా ఉందండీ.”

“ఉండాలండీ. అదే దాని గొప్ప,” అన్నాను.

“గొప్పల సంగతి నాకొద్దు,” అని, ‘వదులు స్థితిలో స్వీకరించడమైనది’ అని రాసుకుని, దయతలచి వదిలారు.

సువార్త ఆ సాయంత్రమే కారు తీసింది. గోడ దగ్గర బండి చెప్పినచోట ఆగింది, చెప్పినట్టు తిరిగింది. అప్పట్నుంచి నెలరోజులు ఆమె మొహంలో ఒక నిశ్చింత ఉండేది. ఎంత తొక్కినా డిస్కు వంకరపోలేదు, పగల్లేదు. అరిగింది, అంతే.

ఆ అరిగిందే కొంప ముంచింది. నెలాఖరు తనిఖీలో త్రిపురాంతకం గారు డిస్కులు విప్పించి మళ్ళీ కాటా ఎక్కించారు. దాదాపు అరకిలో తక్కువొచ్చింది. సువార్తను పిలిపించారు. నేనూ వెళ్ళాను.

“ఇనుమెక్కడమ్మా?” అన్నారాయన.

“అరిగింది సార్.”

“అరిగిందంటే ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఎక్కడుంది?”

“పొడైపోయి గాల్లో కలిసిపోయింది సార్.”

“ప్రభుత్వ ఆస్తిని గాల్లో కలిపే అధికారం మీకెవరిచ్చారు?”

“గోడొచ్చింది సార్.”

“గోడ రాదమ్మా. గోడ కట్టినరోజు నుంచీ అక్కడే ఉంది. మీరే దాని దగ్గరికి వెళ్ళారు.”

నేను కలగజేసుకుని, బ్రేకంటే అదేనండీ, డిస్కును రాపిడి పెట్టి బండిని ఆపడం, సబ్బు అరక్కుండా స్నానం చేయలేం కదా అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

“సబ్బు వాడి పారేసే సరుకు. ఇది ఆస్తి,” అన్నారు త్రిపురాంతకం గారు. “గోదాముల్లో ముప్పై ఏళ్ళు చేశానండీ. తరుగొస్తే ఎలుకలు తిన్నాయన్నారు, నమ్మాను. పందికొక్కులు తిన్నాయన్నారు, నమ్మాను. గాలి తిందంటే మాత్రం నమ్మను.”

వ్యవహారం ఎం.డి. గారి సమావేశానికి ఎక్కింది. పరాంకుశం గారు నెమ్మదస్తులు. ప్రతి మాటనూ పట్టుదారంలా సాగదీసి సాగదీసి వదులుతారు.

“వేగం అనేది ఒక దృక్పథం. ఆస్తి అనేది ఒక బాధ్యత. దృక్పథం నిమిత్తం బాధ్యతను అరగదీయడం ఈ సంస్థ విధానం కాదు,” అన్నారు. అందరూ రాసుకున్నారు.

బ్రేకు ఇనుముకు ఎంత తరుగు అనుమతించాలన్నది సమస్య. ఏ శాఖలోనూ నిబంధన దొరకలేదు. త్రిపురాంతకం గారు గోదాములో నిలవున్న బియ్యానికి ఇచ్చే తరుగు లెక్క తెచ్చారు. ఆ లెక్కన మా డిస్కులకు చిటికెడు పొడి కూడా రాదు. “పైగా అది కదలకుండా పడున్న బియ్యానికి. తిరిగే బియ్యానికి తరుగు లేదు. కనక తిరిగే డిస్కుకూ లేదు,” అని ఆయన తేల్చేశారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేననుకున్నాను. వీళ్ళు ఆ ఎలుకను కూడా తూచి లెక్కలో కలిపే రకం.

అరిగిపోయే ఇనుము ఎందుకు సరఫరా చేశావని మస్తాన్‌రావుని సంజాయిషీ అడిగారు. ఆయన ఉంగరాల చేయి ఊపుకుంటూ స్వయంగా వచ్చాడు.

“అరగని బ్రేకు కావాలాండీ? భేషుగ్గా చేసిస్తాను. ఇత్తడితో పోసి, మీ సంస్థ పేరు చెక్కి, పాలిషు పెట్టి ఇస్తాను. ఆఫీసులో మేకు కొట్టి తగిలించుకోండి. మీ మనవల కాలానిక్కూడా తరగదు.”

పరాంకుశం గారికి వెటకారం అర్థం కాలేదు. ‘అరగని నమూనా సాధ్యమేనని సరఫరాదారు అంగీకరించియున్నారు’ అని రాయించారు.

అటు తర్వాత పొడిని పట్టుకునే ప్రయత్నం మొదలైంది. సువార్త ఒక చుట్టు తిరిగిందంటే చాలు, పదిమంది చీపుళ్ళు పట్టుకుని ట్రాకంతా ఊడ్చేవారు. ఊడ్చింది గోనెసంచుల్లోకెత్తి స్టోర్సుకు చేర్చేవారు. వారం తిరిగేసరికి తరిగిన ఇనుముకన్నా నాలుగింతలు వచ్చింది. అందులో మట్టి ఉంది, తారు ఉంది, గేదెల పేడ ఉంది. లెక్క సరిపోయింది కదా, ఇక వదిలేస్తారని నేను అమాయకంగా ఆశపడ్డాను.

త్రిపురాంతకం గారి మొహం నల్లబడింది. “తక్కువొస్తే ఇప్పటి దొంగతనం. ఎక్కువొస్తే పాత దొంగతనాలు కూడా బయటపడ్డాయన్నమాట. ఈ మిగులు ఎక్కడిదో ఆవిడ చెప్పాలి,” అన్నారు.

సువార్త ఏడవలేదు. నా గదికి వచ్చి కుర్చీలో కూలబడింది. “సార్, నేను బండి తోలనా, మట్టి తూచనా?” అంది. నాకు సిగ్గేసింది. టెక్నికల్ మేనేజరునని తలుపు మీద బోర్డు ఉంది గాని, ఆ పిల్లకు ఏం జవాబు చెప్పాలో అందులో లేదు.

చివరికి పరాంకుశం గారే మూలకారణం పట్టుకున్నారు. ఇనుము తరగడానికి కారణం బ్రేకు. బ్రేకు లేకపోతే తరుగు లేదు. గొప్ప గొప్ప ఆలోచనలన్నీ ఇంత సులువుగానే ఉంటాయి కాబోలు. వెంటనే ‘బ్రేకు పొదుపు పక్షోత్సవాలు’ ప్రకటించారు. గేటు మీద బ్యానరు కట్టారు: ‘బ్రేకు మన ఆస్తి, వాడి పాడు చేయకండి.’ ఉద్యోగులందరం ఎండలో నిలబడి, కుడిచేయి చాచి, అత్యవసరమైనా సరే పై అధికారి అనుమతి లేనిదే బ్రేకు వేయబోమని ప్రతిజ్ఞ చేశాం. బడిపిల్లలకు వ్యాసరచన పెట్టారు. ఆఫీసు సైకిళ్ళకు బ్రేకు రబ్బర్లు పీకేసి స్టోర్సులో భద్రపరిచారు. మా అటెండరు ఒకాయన కాలువలో పడ్డాడు. ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఉద్యోగులకు పొదుపు డ్రైవింగ్ పోటీ కూడా జరిగింది. పోటీకి దిగినవాడు లీలాప్రసాదు ఒక్కడే, మొదటి బహుమతి బంగారు పతకం కొట్టాడు. అతను ఎం.డి. గారి కారును బందరు రోడ్డు మొదటి నుంచి చివరిదాకా హారన్ మీదే నడిపే మనిషి. ఎలా సాధ్యమని న్యాయనిర్ణేతలు అడిగితే దాచుకోకుండా చెప్పాడు.

“బెజవాడలో బ్రేకేస్తే ఎనకోడు గుద్దుతాడండీ. హారన్ కొడితే ముందోడు తప్పుకుంటాడు. ఏది మేలో మీరే చెప్పండి.”

ఇంతలో సంస్థ ఆవిర్భావ దినోత్సవం వచ్చింది. పెద్దాయన ముఖ్య అతిథి. ఆయన ఎదుట ఎర్ర కారు తిన్నని దారిలో పూర్తి వేగంతో దూసుకుపోవాలి. ఆస్తికి భంగం రాకుండా త్రిపురాంతకం గారు డిస్కులు మళ్ళీ తూయించి, బ్రేకు పెడలుకు పురికొస చుట్టి, లక్కతో సీలు వేయించారు. పెడలు కదిలితే సీలు చెడుతుంది. చెడితే డ్రైవరు మీద చర్య. సువార్త ఆ సీలు చూసి నేరుగా ఎం.డి. గారి గదికి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. త్రిపురాంతకం గారు అక్కడే ఉన్నారు.

“సార్, గోడ దగ్గర నేనేం చెయ్యాలి?”

“ఆత్మవిశ్వాసంతో తిరగాలి,” అన్నారు పరాంకుశం గారు.

“ఆ వేగానికి తిరగదు సార్. గుద్దుకుంటుంది.”

“గోడ ఇంజనీరింగు విభాగం ఆస్తి. దాని తరుగు వాళ్ళు చూసుకుంటారు,” అన్నారు త్రిపురాంతకం గారు.

“మరి నేను?”

ఆయన ఒక్క క్షణం నిజాయితీగా ఆలోచించారు. “మీరు కాంట్రాక్టు కదమ్మా. మీరు మా స్టాకులోకి రారు.”

సువార్త హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. “నన్ను లెక్కలో పెట్టుకున్నవాళ్ళు ఇంట్లో ఉన్నారు సార్. నేనెక్కను,” అని వచ్చేసింది.

ఆ హెల్మెట్ లీలాప్రసాదు తలకెక్కింది. పొదుపులో బంగారు పతకం పొందినవాడుండగా ఇంకొకరెందుకన్నారు. నేను ఎం.డి. గారి చెవిలో, ప్రాణం పోతుందండీ అని రెండుమార్లు చెప్పాను. ముహూర్తం పోతుందన్నారాయన. నేను పక్కకు తప్పుకుని నిలబడ్డాను, మా సంస్థలో అందరూ చేసే పని అదే.

సువార్త మాత్రం నిలబడలేదు. లీలాప్రసాదు దగ్గరికి పరుగెత్తింది. “అన్నా, నా మాటిను. గోడ కనపడగానే ఆ తాడు తెంపి తొక్కెయ్. ఉద్యోగం పోతే పోయింది, వదిన మొహం చూడు.”

“ఊరుకో చెల్లెమ్మా. పాతికేళ్ళుగా తోలుతున్నా. బ్రేకుతో నాకేం పని?” అని అతను మెడలో వేసిన పూలదండ సర్దుకున్నాడు.

ఆమె ఊడ్చేవాళ్ళను కేకేసింది. స్టోర్సు వెనక గుట్టగా పడున్న పాత టైర్లను అందరూ కలిసి దొర్లించుకుంటూ పోయి గోడకు ఆనించి పేర్చారు. త్రిపురాంతకం గారు వెంటపడి, ఇండెంటేదీ, సంతకమేదీ అని అరుస్తూనే ఉన్నారు. ఆమె తల తిప్పలేదు.

పెద్దాయన జెండా ఊపారు. ఎర్ర కారు చెవులు గింగురుమనేలా బయల్దేరింది. అంత వేగం లీలాప్రసాదు జన్మలో చూసి ఉండడు. వేదిక ముందు నుంచి ఒక ఎర్రటి గీతలా పోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోంచి మాకు హారన్ వినిపించింది. గోడ దగ్గరపడేకొద్దీ అతను హారన్ మీద హారన్ కొట్టాడు. ఆఖరికి వదలకుండా నొక్కి పట్టాడు.

గోడ తప్పుకోలేదు.

టైర్లు ఆకాశానికి లేచాయి. మేం వెళ్ళేసరికి సువార్త తలుపు పీకి లీలాప్రసాదును బయటికి లాగుతోంది. రెండు చేతులూ విరిగాయి, మొహమంతా రక్తం, కాని మనిషి మూలుగుతున్నాడు. మూలుగు వినబడగానే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టైర్లు లేకపోతే ఆ మూలుగు కూడా ఉండేది కాదు. త్రిపురాంతకం గారు కూడా రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చారు. ఎంతైనా మనిషే కదా అనుకున్నాను. ఆయన మనిషిని దాటుకుని చక్రం దగ్గరికి పోయి గొంతుక్కూర్చున్నారు.

ఒక డిస్కు ఇనప చక్రం ముక్కలైంది. రెండో దాని టోపీ అప్పడంలా నలిగింది. ఆయన ఉత్తరీయం పరిచి, గడ్డిలో వెతికి, ఆఖరి పెంకు దాకా ఏరించారు. అంబులెన్సుకు ముందు కాటా వచ్చింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. ఆయన లేచి నిలబడి, దుమ్ము దులుపుకుని, పెద్దాయన వైపు చేతులు జోడించారు.

“సీలు వేసిననాటి తూకమే వచ్చిందండీ. గ్రాము తరగలేదు. సీలు కూడా చెక్కుచెదరలేదు.”

వేదిక మీదివాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు.

లీలాప్రసాదుకు ఆస్తి పరిరక్షణ రత్న బిరుదు ఇచ్చారు. ఆస్పత్రి మంచం దగ్గరికే వెళ్ళి శాలువా కప్పారు. రెండు చేతులకూ కట్లుండడంతో పత్రం పట్టుకోలేకపోయాడు. సంతకం పెట్టలేకపోయాడు. వేలిముద్రకు వేలు దొరకలేదు. అతని భార్య పత్రం అందుకుని మంచం కింద పెట్టింది.

అదే రోజు సువార్తకు మెమో వచ్చింది. నా ద్వారానే ఇప్పించారు కనక చదివాను.

‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శ్రీ లీలాప్రసాదు ఇదే కారును, ఇవే డిస్కులతో, ఇదే ట్రాకుపై నడిపి, ఎట్టి తరుగు లేకుండా తిరిగి అప్పగించియున్నారు. కావున సదరు డిస్కులు స్వభావరీత్యా తరిగేవి కావని నిర్ధారణ అయినది. మీ హయాంలో తరిగిన ఇనుమును ఎక్కడ ఉంచినదీ వెంటనే తెలియజేయవలెను. అనుమతి లేకుండా కదిలించిన టైర్ల విషయం వేరుగా విచారించబడును.’

సువార్త నా బల్ల ముందే నిలబడి చదివింది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. నా కలం అడిగి తీసుకుని, మెమో వెనకవైపు రెండు ముక్కలు రాసి, కలం తిరిగి ఇచ్చి, “వస్తాను సార్,” అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గేటు లోపలికి రాలేదు.

‘అయ్యా, గోడ దగ్గర నేను బ్రేకు వేశాను. అందువల్ల ఈ జవాబు నా చేత్తో నేనే రాయగలుగుతున్నాను.’

త్రిపురాంతకం గారు దాన్ని రెండుసార్లు చదివారు. అలవాటు చొప్పున కాగితం బరువు చేత్తో చూశారు. తర్వాత కింద ఎర్ర సిరాతో రాశారు: ‘సంజాయిషీ సంతృప్తికరంగా లేదు. ఇనుము ఎక్కడున్నదీ చెప్పలేదు.’